నొక్కని కాయలు

నాకు ఏదైనా అప్పటికప్పుడు కావాలి. ముప్పై ఏళ్లొచ్చినా అదే బుద్ధి. శామీర్‌పేట గుట్టల మీద కోసుకొచ్చిన సీతాఫలాలను అవ్వ బియ్యం డబ్బాలో మాగబెడితే, పండాయేమోనని పూటపూటా నొక్కేవాణ్ణి.

"నొక్కకు బిడ్డా, నొక్కిన కాడ నల్లగైతది. రెండు దినాలు ఆగరాదు?" అనేది అవ్వ. మంచివి నాకు పెట్టి, నల్లబడ్డవి తను తినేది. అడిగితే, "నాకు గివ్వే మంచిగుంటయి" అనేది.

ఈసారి కాయలు పెట్టిన మర్నాడే అవ్వ పోయింది. దహనం అయ్యాక ఇంటికొచ్చి, అలవాటుకొద్దీ డబ్బాలో చెయ్యి పెట్టి, నొక్కబోయి ఆగిపోయాను. మళ్లీ మూడోరోజు దాకా ముట్టలేదు.

తీసి చూస్తే అన్నీ పండాయి. ఒక్కదానిమీదా మచ్చ లేదు. అవ్వ అలాంటి పండు తినగా నేనెప్పుడూ చూడలేదు.