బయట తాళం, లోపల మేము

మా చిన్నప్పుడు... బంద్ అంటే మా దుకాణానికి బయట తాళం, లోపల బేరం.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి గడ్డిఅన్నారం వైపు పోయే సందులో మాకో చిన్న చీరల దుకాణం ఉండేది. పోచంపల్లి నుంచి వచ్చినవాళ్లం కదా, మా నాయినకు చీర తప్ప ఇంకో లోకం తెలియదు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి... ఎప్పుడు చూసినా బందే. తెలంగాణ రావాలని నాయినకూ ఉండేది. ఇంట్లో పొయ్యి వెలగాలనీ ఉండేది!

అందుకే సందులో అందరూ చేసే పనే ఆయనా చేసేవాడు. గిరాకీ రాగానే షట్టర్ సగం లేపి లోపలికి పంపేవాడు. కిందికి లాగి బయట తాళం వేసి, ఏమీ ఎరగనట్టు మెట్ల మీద కూర్చునేవాడు. చీరలు చూపించడం నా డ్యూటీ. బేరం తెమిలాక లోపలి నుంచి మెల్లగా తట్టాలి... రోడ్డు చూసుకుని ఆయన తాళం తీస్తాడు.

ఆ రోజు వచ్చింది వెనక సందులో ఉండే సుజాత ఆంటీ. వాళ్లది గుంటూరు వైపు. మర్నాడు వాళ్ల పాపకు అన్నప్రాశన. ఫాల్ కుట్టడానికి ఇచ్చిన పట్టుచీర తీసుకెళ్దామని, చంటిదాన్ని అత్తగారి దగ్గర పడుకోబెట్టి ఉరుకుల పరుగుల మీద వచ్చింది.

నాయిన తాళం వేశాడో లేదో... డప్పులు దగ్గరికొచ్చేశాయి. ర్యాలీ! అందులో ఆయనకు తెలిసినవాళ్లే ఉన్నట్టున్నారు, "నడువన్నా" అనడం లోపలికి వినిపించింది. రానంటే ఎందుకని అడుగుతారు. లోపల మనుషులున్నారంటే బంద్ నాడు బేరమా అంటారు. ఏం చేస్తాడు పాపం... వాళ్లతో నడిచాడు. తాళంచెవి జేబులోనే పెట్టుకుని ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచాడట!

ఇప్పుడొస్తాడు, అప్పుడొస్తాడు అని చూశాం. చప్పుడు బయటికి పోతుందేమోనని ఫ్యాన్ ఆపేశాను. ఉక్కపోత... కొత్త చీరల గంజి వాసన... షట్టర్ కింది సందులోంచి సన్నటి వెలుతురు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఊపిరాడదు.

నాయిన ఫోన్ గల్లాపెట్టె మీదే ఉండిపోయింది. ఆంటీ దాంతో ఇంటికి చేసింది. అత్తగారి మాటకన్నా పాప ఏడుపే గట్టిగా వినపడింది. ఉగ్గుగిన్నెతో చక్కెర నీళ్లు పోస్తే ఉమ్మేస్తోందట. తల్లిపాలు తప్ప ఏదీ పట్టని పిల్ల. అంకుల్ డ్యూటీలో, బస్సులు లేవు. ఫోన్ పెట్టేశాక ఆంటీ జాకెట్ తడిసిపోవడం చూశాను... చేతిలో ఉన్న పట్టుచీరనే అడ్డం పెట్టుకుంది.

అరవొచ్చు కదా అంటారేమో. బయట మెట్ల మీద ఇంకో గుంపు వచ్చి కూర్చుంది మరి. ఆంటీ బయట గట్టిగా మాట్లాడడం మానేసి చాలా రోజులైంది. కూరగాయల బండి దగ్గర కూడా వేలుపెట్టి చూపించేదే తప్ప నోరు విప్పేది కాదు. మాట వింటే ఏ ఊరో తెలిసిపోతుందని. ఆమెనెవరూ ఒక్క మాట అన్నది లేదు... అయినా భయం. ఆ భయం చూస్తే నాకు ఒళ్లు మండేది, ఏడుపూ వచ్చేది.

ఇక లాభం లేదని నేనే షట్టర్ బాదాను. "ఎవరది లోపల?" అన్నారు. మా నాయిన తాళం వేసి ర్యాలీలో పోయాడని చెప్పాను. ఒక్కదానివేనా అని అడిగారు. లేదు, మా చిన్నమ్మ ఉందని అబద్ధం ఆడబోయాను. ఆంటీ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. షట్టర్‌కు మొహం ఆనించి, తన మాటలోనే, గట్టిగా చెప్పింది.

"నేనండీ, సుజాతని. ఇంట్లో మా పాప పాలకేడుస్తోంది. కాస్త ఈ తాళం పగలగొట్టించండి బాబూ."

బయట ఎవరో మెట్ల మీంచి లేచి షట్టర్ దగ్గరికొచ్చిన చప్పుడైంది.

"అక్కా, జర ఎనక్కి జరుగు. రాయి తగుల్తది."

అంతే. తాళం విరిగింది. షట్టర్ లేచింది. బంద్ నాడు దుకాణమేందని నన్నొకరు అడిగారు కానీ, జవాబు కోసం ఆగలేదు. ఆంటీ చెప్పుల్లేకుండా పరిగెడుతుంటే, వాళ్లే ముందు నడిచి జనాన్ని పక్కకు జరిపారు. ఆ తర్వాత ఆంటీ కూరగాయల బండి దగ్గర బేరమాడితే సందు చివరిదాకా వినపడేది...

ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నా. వారంలో సగం రోజులు ఎల్బీనగర్ ఫ్లాట్లోనే ఆఫీసు. గడియ నేనే పెట్టుకుంటా, తీయొద్దన్నవాళ్లూ లేరు. పొద్దంతా చెవుల్లో హెడ్‌ఫోన్స్, మైకు మ్యూట్‌లో. పాలు, కూరలు గుమ్మం ముందు పెట్టి వెళ్లిపోతారు. కొన్నిసార్లు సాయంత్రం అయ్యాక తెలుస్తుంది, మనిషితో ఒక్క మాటైనా మాట్లాడలేదని. మీటింగ్ చివర "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని మేనేజర్ రోజూ అడుగుతాడు. చెప్పాల్సింది బోలెడుంది... ఆదివారాలు కూడా పనేనా అని, నావల్ల కావట్లేదని. చెప్తే నన్నెవరూ ఏమీ అనరు, నాకు తెలుసు. అయినా నో, థ్యాంక్యూ అని టైప్ చేసి ఊరుకుంటా.

ఆంటీకి ఇంట్లో పాప ఏడుస్తోంది కాబట్టి నోరు విప్పింది. నాకోసం ఏడ్చేవాళ్లెవరూ లేరు... నేనే ఏడవాలి, అదీ మ్యూట్‌లో.

మీరు చివరిసారి మీ మాటలో, మీ గొంతుతో గట్టిగా మాట్లాడింది ఎప్పుడు? కింద రాయండి... లేదంటే ఫోన్ చేసి చెప్పండి, ఎత్తుతా.