కొలతబద్దగారి సంతకం

మా పై వాటాలో అద్దెకుండే ఆయన ఎవరు చెప్పిన కొలతనూ నమ్మడు. అందుకే వీధంతా ఆయన్ని కొలతబద్ద అంటుంది. ముఖం మీదే అంటారు. ఆయనా పలుకుతాడు.

దర్జీ నడుము కొలవబోతే ఆ టేపు మీద అనుమానం వచ్చి, ఇంటి నుంచి ఇంకో టేపు తెచ్చి దర్జీ టేపునే కొలిచాడు. అరంగుళం తేడా వచ్చింది. దర్జీ వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత కొత్త టేపు కొన్నాడు. నేను కూర పంపినా అంతే. తన గిన్నెలో ఎంత పడుతుందో నీళ్లు పోసి చూసుకున్నాకే ఒంపుకుంటాడు. కంటికి తెలీదా నాయనా అని అడిగాను.

"కన్ను చెప్తుంది పిన్నిగారూ. వింటాను, నమ్మను," అన్నాడు.

కంప్యూటర్లను నడిపించే మూల ప్రోగ్రాములో, వైర్లు లేకుండా గాల్లో వచ్చే కబుర్లను అందుకునే భాగం చూడటం ఆయన ఉద్యోగం. మా ఇంట్లోనే ఉండే మేనకోడలు ఆయన కిందే పనిచేస్తుంది. కాబట్టి ఆ ఆఫీసులో చీమ చిటుక్కుమన్నా నాకు తెలియాలి. తెలియకపోతే అడుగుతాను.

ఒకరోజు పిల్ల అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద ఎత్తదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. గాల్లో వచ్చే ప్రతి కబురూ తన పొడవు తానే చెప్పుకుంటుందట. వైఫై పేరు కోసం కంప్యూటరు ముప్పై రెండు అక్షరాలు పట్టే గూడు ఉంచుతుంది. ఎవడో గిట్టనివాడు నా పేరు రెండొందల అక్షరాలని పంపితే, నమ్మేసి మొత్తం అందులోనే కుమ్మరిస్తోందట. పొర్లిందంతా పక్క గూట్లో పడుతుంది. అక్కడుండేవి కంప్యూటరుకిచ్చే ఆజ్ఞలు. అంటే వీధిలో నిలబడ్డవాడు మన గుమ్మం తొక్కకుండానే మన కంప్యూటరును ఆడించగలడు.

"గ్లాసులో బిందెడు నీళ్లు పోయడమేగా?" అన్నాను.

"అదే అత్తా. పోసింది నేను," అంది.

ఏడాది కిందట ఆ భాగం రాసింది తనే. మర్నాడు మేనేజరు అందరినీ కూర్చోబెట్టి ఆరా తీస్తాడు. ఉద్యోగం ఊడుతుందని దాని భయం.

ఎవరు రాసినా ఇంకొకరు చూసి సంతకం పెడితేనే చెల్లుతుందట. ఆ సంతకం ఎవరిదో తేల్చుకుందామని మెట్లెక్కాను. ఆయన కిటికీ తెర కొలుస్తున్నాడు.

"నాదే," అన్నాడు.

"నువ్వా? కొలవకుండానా?"

"ఆ రోజు కొలవలేదు."

మళ్లీ తెర కొలతలో పడ్డాడు. కారణం పిల్లనే అడిగాను. ఆ రోజు మా వదినకు, అంటే దాని తల్లికి, ఆపరేషను. పని ముగిస్తే గానీ ఆసుపత్రికి వెళ్లలేనని ఇది కంగారుపడుతుంటే, బాగానే ఉంది వెళ్లమని ఆయన సంతకం పెట్టేశాడట. జన్మలో కొలవకుండా వదిలింది అదొక్కటే.

మర్నాడు మేనేజరు ప్రశ్న పూర్తికాకముందే ఆయన లేచాడట. రాసేటప్పుడు పొరపాటు ఎవరికైనా వస్తుంది, పట్టుకోవలసింది నేను, చూడకుండా సంతకం పెట్టానన్నాడట. నా కుర్చీ ఎత్తు కూడా కొలిచినవాడివి, నువ్వు చూడకపోవడమేమిటని మేనేజరు నమ్మలేదట. చివరికి, సరే, ముందు దిద్దించమన్నాడు.

దిద్దే పని ఆయన మా పిల్లకే ఇచ్చాడు. అది రెండే వరసలు రాసింది: పోసేముందు కొలువు, ముప్పై రెండు దాటితే ఆ కబురు పారేయి. ఆయన పక్కన కూర్చుని ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు, రెండొందలు, చివరికి సున్నా కూడా పంపి చూశాడు. అన్నీ సరిగ్గా తేలాక ఆ దిద్దుబాటును కంప్యూటర్లన్నిటికీ పంపించారు. నివేదికలో తప్పు దగ్గర ఆయన పేరుంది. దిద్దుబాటు దగ్గర మా పిల్ల పేరుంది.

ఊరుకోలేక అడిగాను. "తప్పుకి నీ పేరు, మెప్పుకి దాని పేరు. ఇదేం కొలత నాయనా?"

"సరిగ్గానే కొలిచాను పిన్నిగారూ," అన్నాడు.

నేను మళ్లీ కొలిచి చూడలేదు.