ఇట్లు లేని కేస్ షీటు

2023. బాపట్ల జిల్లా కేంద్రమై అప్పటికి ఏడాది దాటింది. తెనాలిలో నలుగురం పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. కింద మిక్సీలు బాగుచేసే షాపు, పైన మేము. చుట్టుపక్కల ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసిపెట్టడం మా పని. ఏం చేస్తుంటారండీ అని ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని ఊరుకుంటాను. వివరంగా చెప్పబోతే వినేవాళ్ళు బస్సు వచ్చిందంటూ లేచిపోతారు. ఈ ఒక్క సంగతి మాత్రం వివరంగానే చెప్పాలి. ఎందుకంటే పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉందని విర్రవీగే నేను చేసిన తప్పుకు ఒక మనిషి ప్రాణం పోవలసింది.

మేము పనిచేసిపెట్టే ఆసుపత్రుల్లో ఒకటి బాపట్లలో ఉంది. దానికి రేపల్లెలో బ్రాంచి. పేరు చెప్పను. అక్కడ ఒక్కో రోగికి ఒకటే కేస్ షీటు ఉంటుంది. రోగి ఎప్పుడు వచ్చినా, ఏ జబ్బు, ఏ మందు, ఏది పడలేదు అన్న వివరాలు పాతవాటి కిందే కలుపుతూ పోతారు. అంటే అన్నిటికంటే కొత్త సంగతి ఎప్పుడూ అట్టడుగున ఉంటుంది. రెండు ఊళ్ళ నర్సులకూ తేలిగ్గా ఉండాలని అంతా తెలుగులోనే రాసేవారు. టైపు చేసేది బాపట్లలో రత్నకుమారి గారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. ముక్కుమీద కళ్ళజోడు, నోట్లో ఏలక్కాయ.

ఆవిడకు ఒక అలవాటుంది. ప్రతి కేస్ షీటు చివరా "ఇట్లు, రత్నకుమారి" అని పెడుతుంది. కొత్త వివరం కలిపినప్పుడల్లా పై "ఇట్లు" తీసేసి మళ్ళీ కింద రాస్తుంది. నాకేమో చిరాకు. ప్రోగ్రామర్లకు అనవసరమైన అక్షరం కనబడితే తీసేయాలని చెయ్యి దురద పెడుతుంది.

"రత్నకుమారి గారూ, ఇదేమన్నా ఉత్తరమా అండీ? ఆ ఇట్లు ఎందుకు?" అన్నాను ఒకసారి.

"రాసింది ఇంతటితో అయిపోయిందని చదివేవాళ్ళకి తెలియొద్దూ? అడుగున కాగితం చిరిగిపోయిందనుకో, ఎట్లా తెలుస్తుంది?"

"ఇది కంప్యూటరండీ. చిరగడానికి కాగితం కాదు."

"సర్లేవమ్మా. నీ కంప్యూటరు నువ్వు చూసుకో, నా ఇట్లు నేను పెట్టుకుంటా" అని ఇంకో ఏలక్కాయ వేసుకుంది.

ఇక్కడ నా పని గురించి కాస్త చెప్పాలి. ఇలాంటి పెద్ద కేస్ షీట్లను డేటాబేస్‌లో బ్లాబ్ అనే రకంగా దాస్తాం. బ్లాబ్ అంటే ఒక పెద్ద మూట. లోపల స్కాన్ బొమ్మ ఉందా, తెలుగు అక్షరాలున్నాయా అన్నది డేటాబేస్‌కు పట్టదు. ఆ మూటను బయటికి తీయడానికి ఇన్‌పుట్ స్ట్రీమ్ అనేదాన్ని వాడతాం. అది మునిసిపాలిటీ కుళాయి లాంటిది. కుళాయి కింద బిందె పెడతాం, నిండాక తీసుకెళ్ళి తొట్టిలో పోస్తాం, మళ్ళీ పెడతాం. ఇక ఏమీ లేనప్పుడు స్ట్రీమ్ "మైనస్ ఒకటి" అని జవాబిస్తుంది. ఆ జవాబు వచ్చేదాకా బిందె పెడుతూనే ఉండాలి. మా పనిలో చేరిన కొత్తలోనే నేర్పే పాఠమిది. నేనే ఎందరికో నేర్పాను.

అయితే రేపల్లె నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. స్కాన్ బొమ్మలతో సహా అంతా తెరుచుకునేసరికి ఆలస్యమవుతోంది, అర్జెంటు కేసుల్లో కేస్ షీటు ఒక్కటీ చప్పున కనబడేలా చెయ్యమన్నారు. సరేనని "క్విక్ వ్యూ" అని కొత్త తెర రాశాను. మర్నాడే చూపించాలన్న తొందరలో బిందె ఒక్కసారే పెట్టాను. కంప్యూటరు కొలతలో ఎనిమిది వేల చిల్లర బైట్లు పట్టే బిందె అది. ఒక కేస్ షీటుకు ఇది చాలదా, మిగతాది తర్వాత సరిచేద్దాం అనుకున్నాను. పరీక్షించడానికి ఇంగ్లీషులో "టెస్ట్ పేషెంట్, ఫీవర్ ఫర్ టూ డేస్" అని నాలుగు ముక్కలు కొట్టాను. భేషుగ్గా కనబడింది. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటులో సరిపోతుంది. తెలుగులో "క" అంటేనే మూడు బైట్లు, దానికి గుణింతం తగిలిస్తే ఇంకో మూడు, ఒత్తు పెడితే మరో ఆరు. పొద్దున లేస్తే తెలుగుతోనే బతికే నేను, నా ప్రోగ్రామును తెలుగుతో పరీక్షించలేదు. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

క్విక్ వ్యూ పెట్టిన రెండు వారాలకు రేపల్లె క్యాజువాలిటీ నుంచి కరుణ సిస్టర్ ఫోన్ చేసింది.

"వాణి గారూ, కొంతమంది కేస్ షీట్లలో చివర నల్లటి గుర్తొకటి వస్తోందండి. మధ్యలో ప్రశ్నార్థకం ఉంటోంది. ఏంటండి అది?"

"ఫాంటు సమస్య సిస్టర్. తెలుగు అక్షరాలకి మామూలే. పట్టించుకోకండి."

తెలుగులో ఏ తేడా వచ్చినా ఫాంటు మీదికి తోసేయడం మా ప్రోగ్రామర్లందరికీ నాలుక చివర ఉండే మాట. నిజంగానే నూటికి తొంభైసార్లు ఫాంటే అవుతుంది. ఆ ధీమాతోనే నేను కుర్చీలోంచి కూడా లేవలేదు. కనీసం ఒక ఫొటో తీసి పంపమని కూడా అడగలేదు.

మూడో వారంలో వేరే పనిమీద రేపల్లె వెళ్ళాను. పొద్దున ప్యాసింజర్ రైలెక్కి దిగి, ఆసుపత్రి చేరేసరికి పదిన్నర. క్యాజువాలిటీలో కరుణ సిస్టర్ పక్కన కూర్చుని ప్రింటర్ సంగతి చూస్తున్నాను. అప్పుడే ఒక పెద్దావిడను చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. పేరు నాంచారమ్మ. షుగర్ ఉంది. కాలు బూరెలా పొంగిపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. వెంట కొత్త కోడలు. పెళ్ళై నెలన్నా కాలేదట, అత్తగారి జబ్బుల సంగతి ఆ పిల్లకేం తెలుసు!

డ్యూటీ డాక్టరు గారు కుర్రాయనే, ఓపిక ఉన్న మనిషి. "పెద్దమ్మా, ఇంతకుముందు ఏ ఇంజెక్షనన్నా పడలేదా? దద్దుర్లు రావటం, ఆయాసం రావటం?"

"నాకేం తెలుసు బాబూ. బాపట్లలో బోలెడు సూదులు పొడిచారు. ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయా. ఏంటో ఎండ దెబ్బన్నారో, షుగరన్నారో."

డాక్టరు గారు తెర చూశారు. క్విక్ వ్యూ. కిందిదాకా జరిపారు. పడని మందులేమీ రాసి లేవు. ఒక యాంటీబయాటిక్ పేరు చెప్పి, "ముందు టెస్టు డోసు వేసి చూడండి సిస్టర్" అన్నారు. కరుణ సిస్టర్ మందు సిరంజిలోకి తీస్తూ, "అదిగోండి వాణి గారూ, మీరు ఫాంటన్నారే, ఆ గుర్తు" అని గడ్డంతో తెర వైపు చూపించింది.

తల తిప్పి చూశాను. చివరి మాట "నడవగలుగుతు" దగ్గర ఆగింది. దాని పక్కన నల్లటి గుర్తు. అంతే, దాని కింద తెల్లగా ఉంది.

మొదట నాకు ఏమీ తోచలేదు. ఏదో వెలితిగా అనిపించింది. రత్నకుమారి గారి ఇట్లు ఏదీ? వేలసార్లు చూసి విసుక్కున్న ఆ ఒక్క మాట అక్కడ లేదు. ఆవిడ అన్నం తినడమన్నా మరుస్తుంది గాని ఇట్లు మరవదు. అప్పుడు నా బిందె గుర్తొచ్చింది. ఒక్కసారే పెట్టిన బిందె. అది తెలుగు అక్షరాన్ని మధ్యకు కోసేసింది. ఆ నల్ల గుర్తు కోసేసిన అక్షరం ముక్క. కేస్ షీటు ఇక్కడితో అయిపోలేదు. కింద ఇంకా ఉంది, అది ఈ గదిలో ఎవరికీ కనబడటం లేదు.

సిస్టర్ అప్పటికే నాంచారమ్మ గారి మోచెయ్యి కింద దూదితో తుడుస్తోంది.

"ఆగండి! వెయ్యకండి సిస్టర్, వెయ్యకండి!"

నా గొంతు నాకే కీచుగా వినబడింది. కోడలు పిల్ల బెదిరిపోయి గోడకు అతుక్కుంది. డాక్టరు గారికి కోపం వచ్చింది. "ఏంటండీ ఇది? మీరు ప్రింటర్ కోసం కదా వచ్చారు?"

"సార్, కేస్ షీటు సగమే కనబడుతోంది సార్. మిగతాది ఉంది. ఒక్క రెండు నిమిషాలు."

ఇక్కడ పాత తెర తెరుచుకునేదాకా ఆగలేక, మొత్తం కనబడే బాపట్లకు, రత్నకుమారి గారికి ఫోన్ చేస్తూ కంగారులో రెండుసార్లు తప్పు పేరు నొక్కాను. రింగవుతోంది. ఎత్తదే! ఎత్తండి తల్లీ, ఎత్తండి అని పైకే అంటున్నాను. ఆఖరికి ఎత్తింది.

"ఏంటమ్మాయ్, ఏం కావాలి?"

"రత్నకుమారి గారూ, నాంచారమ్మ గారి కేస్ షీటు తెరవండి. రేపల్లె నాంచారమ్మ. చివరి నుంచి చదవండి. చివరి నుంచి!"

"ఎందుకంత కంగారు? ఉండు, కళ్ళజోడు..." కీబోర్డు చప్పుడు. ఆ చప్పుడు వింటూ నేను నాంచారమ్మ గారి చేతినే చూస్తున్నాను. తుడిచిన చోట ఇంకా తడి ఆరలేదు. "ఆఁ, దొరికింది. ఇట్లు, రత్నకుమారి. దానిపైన... అయ్యో, ఇదా! ఈవిడకి ఇంజెక్షన్ వేసిన ఐదు నిమిషాల్లో పెదాలు వాచి, ఊపిరాడక, బీపీ పడిపోయింది. రెండు రోజులు ఐసీయూలో పెట్టారు. ఇకమీదట ఈ మందు చుక్క కూడా ఇవ్వరాదు అని పెద్ద డాక్టరు గారు దగ్గరుండి రాయించారు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆ మందు పేరు చెప్పించాను. సిరంజిలో ఉన్నది అదే.

కరుణ సిస్టర్ సిరంజిని ట్రేలో పెట్టి రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. డాక్టరు గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "టెస్టు డోసు కూడా ఈవిడకి ఎక్కువే అయ్యేది" అన్నారు మెల్లగా. వేరే మందు రాశారు. అది పడింది.

మధ్యాహ్నానికి నాంచారమ్మ గారి జ్వరం కాస్త తగ్గింది. నన్ను పిలిపించి చెయ్యి పట్టుకుంది. "నువ్వు అరవకపోతే ఈపాటికి నేను లేకపోదునంటగా. నీ కడుపు చల్లగుండ! దేవతలా వచ్చావమ్మా."

ఆ మాట నాకు వాత పెట్టినట్టయింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఎవరూ నన్ను అడగటం లేదు. కానీ ఆ చెయ్యి నా చేతిలో ఉండగా అబద్ధం మింగలేకపోయాను. "దేవతని కాదు పెద్దమ్మా. ఆ తెర సగం చూపించేట్టు రాసింది నేనే. తప్పు నాదే. సిస్టర్ ముందే ఫోన్ చేసి చెప్పింది, నేను వినిపించుకోలేదు."

ఆవిడ చెయ్యి వదల్లేదు. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నా ఒక్కదాందేనా అమ్మా, అందరివీ అట్టానే సగం చూపించిందా?"

ఒక ప్రాణం దక్కిందన్న ఊరటలో నేను అంతవరకూ ఆలోచించనే లేదు. మూడు వారాలు! ఈ గదిలోకి ఎందరు వచ్చి వెళ్ళారో!

వెంటనే క్విక్ వ్యూ ఆపించాను. అది ఎవరెవరి కేస్ షీట్లు తెరిచిందో కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది. అందులో బిందెకు మించినవి ఏరితే నాంచారమ్మ గారిది కాక పంతొమ్మిది తేలాయి. ఒక్కొక్కటీ పూర్తిగా తెరిచి, డాక్టరు గారూ నేనూ చివరిదాకా చదివాం. పద్దెనిమిది మందికి ప్రమాదమేమీ లేదు. పంతొమ్మిదో ఆయన వీరరాఘవయ్య గారు, చేపల చెరువుల రైతు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారని అట్టడుగున రాసి ఉంది. మూడు రోజుల కిందట ఆయనకు ఇక్కడ మోకాళ్ళ నొప్పికి బిళ్ళలు రాశారు. ఆ రెండూ కలిస్తే కడుపులో రక్తం కారుతుందని డాక్టరు గారు చెప్పారు.

ఫోన్ చేశాం. ఎత్తలేదు. పది నిమిషాలకోసారి చేశాం. ఎత్తలేదు. మూడయింది, మూడున్నరయింది. ప్రతి రింగుకూ నేను ఆయన్ని మనసులో ఒక్కో రకంగా చంపుకుంటున్నాను. ఆయన ఊరికి కారు మాట్లాడి డాక్టరు గారూ నేనూ మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"ఎవరండి? ఇన్నిసార్లు చేశారు? ఫోన్ ఇంటికాడ పెట్టి చెరువుకి మేత వెయ్యబోయా."

"వీరరాఘవయ్య గారూ, ఆ నొప్పి బిళ్ళలు వేసుకుంటున్నారా?"

"ఒకటే వేసుకున్నానమ్మా. కడుపులో మంటెత్తింది. అవతల పారేశా. మళ్ళీ వేసుకోమంటారా ఏంటి?"

"వద్దు బాబాయ్, వద్దు!" అని అక్కడే మెట్లమీద కూలబడి ఏడ్చేశాను. అదే కారులో ఆయన్ని తీసుకొచ్చి పరీక్షలు చేశారు. క్షేమంగానే ఉన్నారు.

ఆ వారమే క్విక్ వ్యూను మళ్ళీ రాశాను. మైనస్ ఒకటి వచ్చేదాకా చదువుతుంది. చదివిందాంట్లో చివర "ఇట్లు" లేకపోతే తెర ఎర్రబడి, "ఇంకా ఉంది, నమ్మకండి" అంటుంది. పరీక్షించడానికి ఇప్పుడు నా దగ్గర ఒక ఉత్తుత్తి కేస్ షీటుంది. నాంచారమ్మ గారిదంత పొడవు, అంతా ఒత్తులూ గుణింతాలే. ఈ కేసు నాకు నేర్పింది పెద్ద విద్యేమీ కాదు. తప్పున్న ప్రోగ్రాము ఆగిపోతే మేలు, అందరికీ తెలుస్తుంది. సగం చెప్పి అంతా చెప్పినట్టు నిలబడేదే మనుషుల్ని చంపుతుంది. ఇంకొకటి కూడా ఉంది. ఫిర్యాదు చేసినవాళ్ళ మాట పూర్తికాకముందే జవాబు చెప్పిన నేనూ ఆ ప్రోగ్రాములాంటిదాన్నే. ఫాంటు సమస్య అన్న మాట ఆ తర్వాత నా నోట రాలేదు.

రత్నకుమారి గారు రిటైరయ్యారు. ఆవిడ కుర్చీలోకి వచ్చిన కొత్త టైపిస్టుకు పని చూపిస్తుంటే ఆ అమ్మాయి నవ్వింది. "ఇదేమన్నా ఉత్తరమా మేడమ్? ఈ ఇట్లు ఎందుకండి?"

అచ్చం నా మాటే. కుర్చీ దగ్గరికి జరుపుకుని నాంచారమ్మ గారి సంగతి మొదలుపెట్టాను. మధ్యలో ఆ అమ్మాయి "అర్థమైంది మేడమ్" అంది. అయినా ఆపలేదు, చివరిదాకా చెప్పాను.