రెబ్కా సిస్టరు సబ్బు తోట

రెబ్కా సిస్టరు కళ్లకి ఈ లోకంలో కడగక్కర్లేని వస్తువంటూ ఏదీ కనిపించేది కాదు. దేవుడి సృష్టిలో లోపం లేదనీ, దాన్ని సబ్బుతో రుద్దకుండా వదిలేయడమే మనుషుల తప్పనీ ఆవిడ నమ్మకం. ఎవరెదురైనా 'బాగున్నారా' అనకముందే 'చేతులు కడుక్కున్నారా' అని అడిగేది. మిషను ఆసుపత్రిలో నర్సుగా రిటైరై, పర్చూరు దగ్గర మా ఊరికి తిరిగొచ్చింది. నా ఈడు వాళ్లందరి తల్లులకీ పురుడు పోసింది ఆవిడే కాబట్టి ఎవరికీ ఎదురు చెప్పే ధైర్యం ఉండేది కాదు. నోరు తెరిస్తే చాలు, "పుట్టగానే నిన్ను కడిగింది నేనేరా అంకమ్మరావూ! అప్పుడెలా ఉన్నావో నలుగుర్లో చెప్పమంటావా?" అనేది. నేను వెంటనే వెళ్లి చేతులు కడుక్కునేవాణ్ణి.

ఎనభైల్లో మా ఊరికి పత్తి పిచ్చి పట్టింది. కాలు పెట్టే చోటల్లా పత్తే. కూర వండాలంటే సంతకి పరిగెత్తాలి. అలాంటి రోజుల్లో సిస్టరు తన పెరట్లో పార పట్టుకుని నిలబడి, "క్రిస్మస్ లోపల మన పేటలో ప్రతి ఇంటికీ నా తోటలో కూరగాయలు వెళ్లాలి" అని ప్రకటించింది. ఆవిడ పెరటి కంచె పక్కనే మా పత్తి చేను.

"మీకు సేద్యం వచ్చాండీ?" అన్నాను.

"ఇన్ని కాన్పులు చేశాను. ఒక గింజని బయటికి తీసుకురాలేనా?"

మొదట బెండగింజలు నాటింది. పక్షం గడిచినా ఒక్క మొలక రాలేదు. నాకు అనుమానమొచ్చి, "ఎలా నాటారండీ?" అనడిగాను.

"శుభ్రంగా నాటాను. సలసలా కాగే నీళ్లలో ఉడకబెట్టి మరీ నాటాను."

"అయ్యో, అవి చచ్చిపోయాయండీ!"

"చచ్చినవి క్రిములు. గింజలు నీరసంగా ఉన్నాయి, అంతే. రెండు రోజులు రెస్టిస్తే లేస్తాయి."

అవి ఈనాటికీ లేవలేదు. అయినా సిస్టరు ఇసుమంతైనా తగ్గలేదు. ఈసారి చిక్కుడు గింజల్ని చల్లటి సబ్బునీళ్లతో కడిగి నాటింది. పాపం, అవి బతికిపోయి పందిరెక్కాయి.

ఆవిడ నీళ్లు మోయలేక అవస్థ పడుతుంటే జాలేసి, పురుగుమందు ఖాళీ డబ్బా ఒకటి తీసుకెళ్లి ఇచ్చాను. "మంచి డబ్బా అండీ. మా ఇంట్లో తాగే నీళ్లు కూడా ఇలాంటి దాంట్లోనే పోస్తాం."

సిస్టరు ముఖం ఎర్రబడింది. సరాసరి మా ఇంటికొచ్చి, డబ్బాలన్నీ లాగి, గొయ్యి తవ్వించి పూడ్పించింది. తర్వాత గిన్నెల్ని కడిగింది, కడవల్ని కడిగింది, అడ్డొచ్చిన మా ఆవిడ కోటిరత్నాన్ని కూడా కడిగింది. "ఇంకోసారి ఆవిడకి సాయం చేశారంటే పుట్టింటికి పోతా" అంది కోటిరత్నం జుట్టు పిండుకుంటూ.

చిక్కుడు పూతకొచ్చే వేళకి తీగంతా నల్లగా పేనుబంక పురుగు పట్టింది. మా పెద్దరైతు బుల్లయ్య మావ పందిరి కింద నిలబడి, "మందు కొట్టకపోతే తీగ దక్కదమ్మా" అని తేల్చేశాడు. నేను మరియదాసుని పిలిపించాను. సిస్టరుకి అన్న కొడుకు. మా చేలల్లో మందు కొట్టేది అతనే. కిందటేడు అలా కొడుతూ కొడుతూ గట్టున కూర్చుని అన్నం తిని, అక్కడే పడిపోయాడు. ఆసుపత్రిలో వారం ఉన్నాడు. మేమంతా ఎండదెబ్బ అనుకున్నాం. నేను పిలవగానే పాపం, వీపున మందు పంపుతో వచ్చాడు.

"ఒరేయ్, ఆ పంపు గేటు దాటిందంటే నిన్ను పంపుతో సహా కాగులో వేసి ఉడకేస్తా!"

"తీగ పోతదత్తా!"

"పోదు. ఎంతమంది పిల్లల తలల్లో పేలు తీశాను! ఇదెంత?"

బకెట్లో సబ్బునీళ్లు కలిపి, ముక్కాలిపీట వేసుకుని, ఆకు తర్వాత ఆకు తుడుస్తూ కూర్చుంది. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. వారం తిరిగేసరికి పేనుబంక పోయి, పందిరి నిండా పూత విరగబూసింది. అప్పుడు నవ్వింది సిస్టరొక్కతే.

కాయలు దిగాయి. ఊరికే ఇస్తానంది, కానీ ఒక షరతు. ఆడవాళ్లు రాకూడదు, మగవాళ్లే రావాలి. అదీ చేలో మందు కొట్టి వచ్చే వేళకే. చొక్కా గేటు బయటే విప్పి, పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర నెత్తి నుంచి కాళ్ల దాకా ఎర్ర సబ్బుతో రుద్దుకుంటేనే కాయలు.

"చిక్కుడుకాయలకి తలంటేంటత్తా? నేనేమన్నా పెళ్లికెళ్తున్నానా?" అన్నాడు మరియదాసు.

"నీ పెళ్లికి కూడా నువ్వింత స్నానం చెయ్యలేదు. నాకు తెలుసు. రుద్దు!"

కాయలు లేకుండా పోతే ఇంట్లో పెళ్లాలు ఊరుకోరు. దాంతో సాయంత్రమయ్యేసరికి తొట్టి దగ్గర మగవాళ్లు నురగలో మునిగి వరసగా నిలబడేవాళ్లు. బుల్లయ్య మావ కూడా వచ్చాడు. ఆయన వీపు తోమే బాధ్యత నా మీద పడింది. ఇక పట్టలేక, "సిస్టరు గారూ, కాయల కంటే సబ్బే ఎక్కువ ఖర్చవుతోంది. ఎందుకండీ ఈ చాదస్తం?" అనేశాను.

ఆవిడ గొంతు తగ్గించింది. "మందు కొట్టినాక కడుక్కుని తినండ్రా అని ఉద్యోగం చేసినన్నాళ్లూ చెప్పాను. ఒక్కడు విన్నాడా? ఆసుపత్రిలో మరియదాసు మంచం పక్కన కూర్చున్నప్పుడు అనుకున్నాను, వీళ్లకి నా మాట ఎక్కదు, చిక్కుడుకాయ చెబితే వింటారేమోనని. వింటున్నారుగా!"

ఆ మాటకి నా కళ్లు చెమర్చాయి. సబ్బు మండిందని బుకాయించాను. ఆవిడ నమ్మలేదు.

క్రిస్మస్ నాటికి పేటలో ప్రతి ఇంటా చిక్కుడుకాయ కూర ఉడికింది. ఆ తర్వాత కాపు అయిపోయి పందిరి ఎండింది. ఒకరోజు పొద్దు వాలే వేళ మరియదాసు తువ్వాలు భుజాన వేసుకుని గేటు బయట చొక్కా విప్పుతున్నాడు.

"కాయల్లేవురా, ఎందుకొచ్చావు?" అంది సిస్టరు.

"తెలుసత్తా. మిరపచేలో మందు కొట్టొస్తున్నా. ఈ పాడు అలవాటేందో, కడుక్కోకుండా కూర్చుంటే ముద్ద దిగట్లేదు."

సిస్టరు లోపలికెళ్లి కొత్త సబ్బు కాగితం విప్పి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"చెవుల వెనక కూడా రుద్దుకోరా" అంది.