ఫోనులో నేర్చుకున్న కోయ

సబ్‌సెంటర్‌లో నర్సుగా చేరిన మొదటి వానాకాలమే నేనొక తల్లిని అన్యాయంగా కోప్పడ్డాను. అడవి అంచున ఉన్న కోయ గూడెం అది. ఆమె రెండేళ్ల బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఏం తాగిస్తున్నావని అడిగితే తన భాషలో ఏదో చెప్పింది. అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే వినబడింది: ఏరు.

"ఏట్ల నీళ్లు తాగిస్తున్నవా? కాచి చల్లార్చి ఇయ్యమని ఎన్నిసార్లు చెప్పిన?" అన్నాను, గట్టిగానే. ఆమె తల వంచుకుని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ ఊరి ఆశా కార్యకర్త పక్కనే ఉంది. కోయ మనిషి, నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆ తల్లి గడప దాటేదాకా ఆగి మెల్లగా చెప్పింది.

"సిస్టర్, మా మాటల ఏరు అంటే నీళ్లు. బోరింగు నీళ్లు కాచి తాపుతున్న అని చెప్పింది ఆమె."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే అక్కా?"

"మీరు చెప్పనిచ్చిండ్రా?"

బిడ్డ నాలుగు రోజుల్లో కోలుకున్నాడు. నాకు మాత్రం సిగ్గు పోలేదు. నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో, గని కార్మికుల క్వార్టర్లలో. తెలుగు, హిందీ, చర్చి పాటలతో పాటు వచ్చిన కాస్త ఇంగ్లిషు, అన్నీ వచ్చు. బస్సెక్కితే గంటన్నర దూరంలో ఉన్న మనుషుల భాషలో ఒక్క ముక్క రాదు. ఫోనులో వెతికితే లోకంలోని భాషలన్నీ నేర్పేవాళ్లు కనిపించారు. ఈ గూడెంలో మాట్లాడే మాట మాత్రం దొరకలేదు. దాంతో నా పాఠాలు నేనే చేసుకుందామనుకున్నాను.

టీకాల రోజు పని అయ్యాక ఫోను అక్క ముందు పెట్టాను. అక్కడ సిగ్నల్ లేదు, కానీ రికార్డింగుకు సిగ్నల్‌తో పనేముంది.

"ఏ మాటలు కావాలె?" అంది.

"నొప్పి, జ్వరం, మాత్ర, ఎన్ని రోజుల నుంచి..."

"గవన్నీ తర్వాత. ముందు తిన్నవా, మంచిగున్నవా అని అడుగుడు నేర్చుకో. రోగం గురించి వాళ్లే చెప్తరు."

ప్రతి మాటా మూడుసార్లు పలికేది. ఒకసారి నిదానంగా, ఒకసారి మామూలుగా, ఒకసారి కోపమొచ్చిన ముసలమ్మ పలికినట్టు. ఆ మూడోది నాకు చాలా పనికొచ్చింది.

ఇంట్లో కూరగాయలు కోస్తూ వినేదాన్ని. చేతులు పనిలో ఉంటే మాట ఎందుకో త్వరగా ఎక్కేది. బస్సులో అట్లా కాదు. అద్దాల చప్పుడుకు సగం వినపడదు, నాలో నేను గొణుక్కోవాల్సి వచ్చేది. ఒకరోజు "నోరు తెరువు" అనే మాటను కోయలో పదే పదే అంటుంటే పక్క సీటులో గంపతో కూర్చున్న ఆమె నావైపు అదోలా చూసింది. ఆమె కోయ మనిషే. ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో పెట్టాను. విని నవ్వి, "ఆమె సక్కగనే చెప్తుంది, నువ్వే తప్పు అంటున్నవ్" అంది. తను జూలూరుపాడులో దిగేదాకా నా చేత అనిపిస్తూనే ఉంది.

మూడు నెలలయ్యాక, నేను కోప్పడ్డ ఆ తల్లి ఇంటికి అక్కతో కలిసి వెళ్లాను. బాగా తయారై వెళ్లి, ఆమె భాషలో ఒక వాక్యం చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. వెనక నుంచి అక్క నా భుజం తట్టింది.

"తప్పు నాది అనాలె సిస్టర్. నీది అన్నవ్."

మళ్లీ చెప్పాను, ఈసారి సరిగ్గా. ఆమె పడీపడీ నవ్వి మంచం వాల్చింది. ఆ రోజు చాలాసేపు కూర్చున్నాను. ఆమె చెప్పినదాంట్లో సగం అర్థమైంది, మిగతా సగం అడిగి తెలుసుకున్నాను.

ఆ తర్వాత అక్క తన ఫోను నా చేతిలో పెట్టింది. "మందుల మీది ఇంగ్లిషు నాకు చెప్పు" అంది. ఆమె చదివింది ఐదు దాకా, అదీ తెలుగులో. మందుల అట్టలకు ఫొటోలు తీసి, పేరు, ఎందుకు వేస్తారు, గడువు తేదీ ఎక్కడ ఉంటుంది, అన్నీ నా గొంతుతో రికార్డు చేసి ఇచ్చాను. మిరప చేనులో కాయలు ఏరుతూ వినేదట. పక్కన ఏరేవాళ్లకు కూడా మందుల పేర్లు వచ్చేశాయని చెప్పింది.

పోయిన ఏడాది ఒక ముసలాయన, సంతలో ఎవరో అమ్మిన జ్వరం మాత్రలు తీసుకుని సబ్‌సెంటర్‌కు వచ్చాడు. నేను ఆయన బీపీ చూస్తున్నాను. అక్క అట్టను వెలుతురులో తిప్పి చూసి నాకిచ్చింది.

"దీని తారీకు పోయిన నెలతోనే అయిపోయింది సిస్టర్."

చూశాను. నిజమే. ఆ మాత్రలు పక్కన పెట్టించి, వేరేవి ఇచ్చి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో ఆయనకు కోయలోనే చెప్పాను. అక్క మధ్యలో కలగజేసుకోలేదు. ఆయన అంతా విని నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు, మీది ఏ గూడెం అని.