ఒక్కపొద్దుల సంగతి అడిగిన డాక్టరమ్మ

రెండో పీరియడ్ సగానికి వచ్చేసరికి నా నాలుక అంగిటికి అతుక్కుంటుంది. డిమాండు, సప్లయి అని బోర్డు మీద రాసి వెనక్కి తిరిగితే మాట బయటికి రాదు. నోట్లో ఎండు దూది కుక్కినట్టు ఉంటుంది. బల్ల మీది సీసా అందుకుని ఒక గుక్క తాగుతాను. మొదటి బెంచీ ఆడపిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు, మేడం అరిచి అరిచి గొంతు పోగొట్టుకుందని కాబోలు. పోయింది గొంతు కాదు, రోజూ వేసుకునే మందు గోలీ పని అది. ఆ ఎండు రుచి తగిలిన ప్రతిసారీ సుగుణ మేడం మాట చెవిలో పడుతుంది: "నోరు ఎండుతదంటే నీళ్ళు తాగు స్వరూపా. నోరు మూస్కొమ్మని నేను అనలే. అన్నా నువ్వు ఇనవు."

సుగుణ మేడం సిద్దిపేటలో మానసిక వైద్యురాలు. నారాయణరావుపేట వైపు రైతుల ఇంటి బిడ్డ. ఎంత చదివినా ఇంటి మాట మార్చుకోలేదు, మార్చుకోవాలని అనుకున్నట్టూ కనిపించేది కాదు. పాత బస్టాండు వెనక సందులో, బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం మీద ఆమె క్లినిక్. మెట్లెక్కే ముందు ప్రతివాళ్ళూ ఆ దుకాణం ముందు కాసేపు నిలబడి, మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చినట్టు ముఖం పెట్టేవాళ్ళు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందన్న మాట ఊళ్ళో పడితే మళ్ళీ తీయడం ఎవరి తరమూ కాదు మరి. నేనూ నిలబడ్డాను. దుకాణం అతను "ఎన్ని హెచ్‌పీ మోటారు అక్కా?" అని అడిగాడు. నేను మెట్ల వైపు చూశాను. అతను ఇంకేమీ అడగకుండా స్క్రూడ్రైవరుతో మెట్లు చూపించాడు.

అప్పటికి నాకు నలభై దాటాయి. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ, ఇంట్లోనూ స్టాఫ్‌రూములోనూ అందరితో వాదిస్తూ, ఏ పనీ చివరిదాకా చేయకుండా బతుకుతున్నాను. పొయ్యి మీద పాలు పెట్టి పక్కింట్లో తేలడం, దిద్దాల్సిన పేపర్ల కట్ట విప్పి అల్మారా సర్దడం మొదలుపెట్టడం నాకు కొత్త కాదు. కానీ ఆ ఏడు పరీక్షల బాధ్యత నాకు అప్పగించారు. ప్రాక్టికల్స్ తేదీ మారిందని ఇంటర్ బోర్డు నుంచి వచ్చిన కబురు నా ఫోనులోనే ఉండిపోయింది, పిల్లలకు చేరలేదు. చివరి నిమిషంలో ప్రిన్సిపాల్ ఎవరెవరి కాళ్ళో పట్టుకుని సర్దుబాటు చేశాడు. "ఇంకోసారి ఇట్ల అయితే వేరే కాలేజీ చూస్కోండి మేడం" అని నా ముఖం మీదే చెప్పాడు. ప్రైవేటు కాలేజీలో ఆ వయసు ఆడదానికి వేరే కాలేజీ ఎక్కడ ఉంటుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మేడం చాలాసేపు అడిగింది. చిన్నప్పుడు బడిలో ఎలా ఉండేదాన్నో, సినిమా మొత్తం కూర్చుని చూడగలనో లేదో, అన్నీ. చివరికి ఏడీహెచ్‌డీ అంది, అంటే మనసు ఒక పని మీద నిలవని జబ్బు.

"అది పిల్లలకొచ్చేది కదా మేడం?"

"పిల్లలు పెరుగరా?"

మందు పేరు చెప్పగానే నాకు అనుమానాలు వరస కట్టాయి. దానికి ప్రత్యేకంగా చీటీ ఎందుకు? ఊళ్ళో రెండు మూడు దుకాణాల్లో తప్ప ఎందుకు దొరకదు? నెలనెలా నేను మళ్ళీ ఎందుకు రావాలి? మనసులో పెట్టుకోవడం నాకు రాదు. "ఈ గోలీ మీద మీకెంత ముడుతది?" అని అడిగేశాను.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. సోంపు డబ్బా తెరిచి చిటికెడు నోట్లో వేసుకుంది. "ఏం ముట్టదు. ముడితే మాత్రం నీకు చెప్తనా? గందుకే నా మాట నమ్మకు. నీ ఒళ్ళు ఏం చెప్తదో చూస్కో, అది వచ్చి నాకు చెప్పు."

మా బాపు గుండెపోటుతో పోయాడని నేను మాట వరసకు అన్నాను. ఆమె వెంటనే కలం కింద పెట్టింది. ఈ మందుకు గుండె గట్టిగా ఉండాలని, ఈసీజీ తీయించుకు వచ్చేదాకా చీటీ రాయనంది. ల్యాబు వాడితో కూడా ఈమెకు వాటా ఉందన్నమాట అనుకుంటూ మెట్లు దిగాను.

గోలీ పనిచేసింది. ఎంత చక్కగా పనిచేసిందంటే అది కూడా నాకు అనుమానంగానే తోచింది. పేపర్ల కట్ట ముందు కూర్చుంటే కట్ట అయిపోయేదాకా కుర్చీలోనే ఉన్నాను. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ వాక్యం పూర్తయ్యేదాకా విన్నాను, మా ఆయన దానికి భయపడ్డాడు. హాల్ టికెట్లు, సీటింగ్, ఇన్విజిలేషన్ డ్యూటీలు అన్నీ వేళకు అయ్యాయి. ఈ బుద్ధి నాదేనా, కిరాయికి తెచ్చుకున్నదా? కిరాయిదైతే ఎప్పుడు ఖాళీ చేయమంటుందో? ప్రిన్సిపాల్ మెచ్చుకున్న రోజున కూడా ఇదే ఆలోచన.

అయితే గోలీ ఆకలిని కూడా తీసుకుపోయింది. పగలు అన్నం చూస్తే మట్టిని చూసినట్టే ఉండేది. ఇక్కడే మా ఇంట్లో ఒక చిత్రం జరిగింది. మా అత్తమ్మ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, అంటే పగలంతా పస్తుండి, దీపం పెట్టాక ఒక్క పూట తింటుంది. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆమె ఉండమనడం, నేను ఉండి మధ్యాహ్నానికే మిర్చి బజ్జీతో దొరికిపోవడం మామూలే. ఇప్పుడు శనివారం అవలీలగా గడిచింది. ఎలాగూ తినడం లేదు కదా అని సోమవారం శివుడికి, గురువారం బాబాకు కూడా ఇచ్చేశాను. తిననిదాన్ని ఎందుకు తినవని అందరూ అడుగుతారు. ఒక్కపొద్దు అంటే ఎవరూ అడగరు. అత్తమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. "మా స్వరూప ఎంత మారింది! నోరు గట్టిదే గని మనసు దేవుని మీద పడ్డది." అంతవరకూ నాతో మాట్లాడని ఎదురింటి ఆమె కూడా ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ భక్తి నాది కాదని, గోలీదని నాకు తెలుసు. కానీ వాడకట్టులో మంచి పేరు అంత చవకగా వస్తుంటే ఎవరు కాదంటారు?

వానాకాలం పోయేసరికి మందు పలచబడింది. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నానికే తలలో పొగ. నాలుగో పీరియడ్‌లో పిల్లల మీద విరుచుకుపడేదాన్ని, అదీ కారణం లేకుండా. కారణంతో విరుచుకుపడడం నాకు అలవాటే, తేడా నాకు తెలుస్తుంది. సాయంత్రం గుండె దడదడ. అర్ధవార్షిక పరీక్షల టైంటేబుల్లో ఒకే గదికి రెండు సెక్షన్లు వేశాను. ప్రిన్సిపాల్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి వేలితో తట్టి వెళ్ళిపోయాడు. ఆ తట్టడం తిట్టిన దానికంటే ఎక్కువ భయపెట్టింది. కంపెనీ వాడు పొడి తగ్గించాడా? దుకాణం వాడు నకిలీ ఇచ్చాడా? దుకాణం మార్చి చూశాను, అదే పొగ. అప్పుడు సుగుణ మేడం మీద పడ్డాను. అలవాటు చేసి, ఒళ్ళు మొద్దుబారాక మోతాదు పెంచుకుంటూ పోవడమే వీళ్ళ పద్ధతి అని నిశ్చయించుకున్నాను. చిత్రం ఏమిటంటే, ఆ రోజు నేను మెట్లెక్కింది మోతాదు పెంచమని అడగడానికే.

"ఒంటికి అలవాటయింది మేడం. పెంచండి."

ఆమె ముందు బీపీ చూసింది. తరువాత బరువు చూసే మిషను ఎక్కించింది. ముల్లు చూసి కళ్ళజోడు తీసి నా ముఖం చూసింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఇయ్యాల గురువారం. ఒక్కపొద్దు."

"నిన్న?"

"నిన్న చాయ తాగిన."

"ఎన్ని?"

లెక్క లేదన్నాను, రాత్రుళ్ళు నిద్ర కూడా రావడం లేదన్నాను.

"సోమవారం?"

"ఒక్కపొద్దు."

"శనివారం సుత ఉంటవా?" ఆమె కలం మూత పెట్టింది. "దేవునికి మొక్కుతున్నవా, గోలీకి మొక్కుతున్నవా? కడుపులకు ఏమెయ్యవ్, మీదికెల్లి చాయ పోస్తవ్, నిద్ర పోవు. ఈ మూడిట్ల ఏది నిన్ను గుంజుతుందో నాకెట్ల తెలుస్తది? పెంచ. ఈ నెల మాత్రం పెంచ."

నేను ఊరుకుంటానా! మొదట మంచిదని అంటగట్టి ఇప్పుడు పనిచేయకపోతే నా తిండి మీద నెడుతున్నారన్నాను. నా ఉద్యోగం పోతే మీరిస్తారా అన్నాను. గోలీకి ఒళ్ళు అలవాటుపడదని కాగితం మీద రాసివ్వమన్నాను.

"రాసియ్య," అంది ఆమె నెమ్మదిగా. "ఎందుకంటే పడొచ్చు. కొందరికి పడతది. నువ్వన్నదే నిజం కావచ్చు స్వరూపా. నువ్వు గోలీని అనుమానిస్తవ్, దుకాణపోన్ని అనుమానిస్తవ్, నన్ను అనుమానిస్తవ్. మంచిదే. మరి నీ చాయను ఎందుకు ఇడిచిపెట్టినవ్? దానికేమన్న చుట్టరికం ఉన్నదా నీతోని?"

ఒక్కపొద్దులు ఎవరి దగ్గర నేర్చుకున్నానో అడిగి, వచ్చేసారి అత్తమ్మను తీసుకురమ్మంది.

అత్తమ్మ మోటార్ల దుకాణం ముందు నిలబడి నటించలేదు. "పిచ్చి డాక్టరు గీడనేనా?" అని గట్టిగా అడిగి పైకెక్కింది. కూర్చోగానే మొదలుపెట్టింది.

"నీ మందు మంచిదైతే ఒక్కపొద్దు లేనినాడు సుత మా కోడలికి అన్నం ఎందుకు సయిస్తలేదు డాక్టరమ్మా?"

"మంచి మాటడిగినవ్ అవ్వా. ఈ మందుకు ఆ గుణం ఉన్నది. గందుకే గోలీ కంటె ముందుగాలనే కడుపునిండ తినాలె. మీ కోడలు తినకుండ దేవుని పేరు చెప్తుంది."

అత్తమ్మ నా వైపు చూసింది. వాడకట్టులో నేను సంపాదించిన పేరంతా ఆ ఒక్క చూపులో పోయింది. కానీ ఆమె లొంగే మనిషి కాదు. "మొక్కిన మొక్కు నడుమల ఇడిస్తే మంచిది కాదు బిడ్డా. దాని బదులు నేనుంట. మూడు పొద్దులూ నేనే ఉంట."

"నీకు షుగర్ ఉన్నదా అవ్వా?"

"ఉన్నది. అయితే?"

"అయితే నువ్వు నా ముంగట పడిపోతవ్, దేవుడు నన్ను అడుగుతడు." మేడం ఆమె చేయి పట్టుకుంది. "ఒంట్లె బాగలేనోళ్ళను ఏ దేవుడూ పస్తుండుమనడు. నీ కోడలు ఇప్పుడు దవాఖాన మనిషి. పొద్దుగాల రొట్టె తిన్నంకనే గోలీ నువ్వు చేతిలె పెట్టు."

అంతే. మరునాటి నుంచి గోలీల పెట్టె అత్తమ్మ కొంగున ముడిపడింది. పొద్దున్నే జొన్నరొట్టె, పప్పు. ఓపిక ఉన్నరోజు బియ్యప్పిండితో తట్టిన సర్వపిండి. నేను చివరి ముద్ద మింగేదాకా ఎదురుగా కూర్చుని, నోరు తెరిపించి చూసి, అప్పుడు గోలీ ఇచ్చేది. నా మీద అంత అనుమానం ఈ లోకంలో ఇంకెవరికీ లేదు. సెలవు రోజు లేటుగా లేచి మధ్యాహ్నం వేసుకోవడం కూడా మేడం మానిపించింది. నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అదే. చాయలు రెండుకు దిగాయి. దడ తగ్గింది. పొగ కూడా చాలావరకు విడిపోయింది.

చాలావరకే, మొత్తం కాదు. నాలుగో పీరియడ్ ఇంకా తడబడుతూనే ఉంది. ఆ సంగతి చెబుతుంటే నా గొంతులో కాస్త గెలుపు వినిపించి ఉంటుంది. మేడం మళ్ళీ బీపీ చూసి, బరువు చూసి, తల ఊపింది. "ఇగ ఇప్పుడు నమ్ముత. నీ అనుమానంల కొంచెం నిజమే ఉన్నది." అప్పుడు కూడా ఉత్తినే పెంచలేదు, ఎక్కువసేపు నిలిచే రకానికి మార్చింది, దానితో పాటు నెల తిరగకుండానే రమ్మంది. ఆ ఏడాది వార్షిక పరీక్షలు ఒక్క చిక్కూ లేకుండా జరిపించాను. ప్రిన్సిపాల్ మళ్ళీ నా బల్ల తట్టలేదు.

నా మాటలను తప్పని కొట్టిపారేసినవాళ్ళు నా జీవితంలో చాలామంది. నన్ను ఊరుకోబెట్టడానికి అవునన్నవాళ్ళు ఇంకా ఎక్కువ. అనుమానించడం నా రోగంలో భాగం అనకుండా, దాన్ని పనిలో పెట్టి, కొంత తప్పు, కొంత నిజం అని విడదీసి నా చేతికి ఇచ్చింది ఆమె ఒక్కతే.

సుగుణ మేడం చనిపోయిన రోజు వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఆ వాకిట్లో, మోటార్ల దుకాణం ముందు చూసి ముఖాలు తెలిసినవాళ్ళు ఎంతోమంది. ఎక్కడ చూశారని అడిగితే చెప్పలేనివాళ్ళు. అందరం తలలు వంచుకుని నిలబడ్డాం, ఎవరమూ ఎవరినీ పలకరించలేదు.

ఇప్పుడు ఒక కుర్ర డాక్టరు దగ్గరికి వెళుతున్నాను. మంచివాడు, మర్యాదస్థుడు, ఏసీ గది. పోయిన నెల మళ్ళీ తలలో పొగ మొదలైంది. కాలేజీలో అడ్మిషన్ల పని నెత్తి మీద ఉంది. వెళ్ళి, మందు పనిచేయడం లేదన్నాను. అతను నవ్వుతూ, "అలవాటు పడి ఉంటుంది మేడం, కొంచెం పెంచుదాం" అని చీటీ ముందుకు లాక్కున్నాడు. నేను కోరుకున్నదే అది. ఒక్క నిమిషం ఊరుకుంటే నా చేతికి వచ్చేది.

"ఆగు బాబూ, రాయకు," అన్నాను. "మా అత్తమ్మను దవాఖానల పెట్టినం. నెల నుంచి ఆమె దగ్గర్నే పండుతున్న, నిద్ర లేదు. పొద్దుగాల రొట్టె చేసేటోళ్ళు లేరు, ఉత్త బిస్కెట్ల మీద గోలీ ఏస్కుంటున్న. చాయలకు లెక్క లేదు. బీపీ చూడు ముందు."

అతను కలం ఆపి, కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "ఇవన్నీ నేను అడగలేదు కదా మేడం?"

"అడగలే. అందుకే చెప్తున్న."