చంద్రుణ్ని నేనే అంటించానట

ఈ రోజు పలాసలో కళ్లద్దాల కొట్టుకెళ్లి నా మొదటి టెలిస్కోపు కొన్నాను. కొట్టాయన నన్ను చూడగానే మనిషంత పొడుగున్న దాన్ని చూపించి ఒకటే పొగడడం. అంతగా పొగుడుతుంటే అనుమానం రాదేటి? "బావా, దీన్ని నువ్వే ఎత్తుకుని మేడెక్కి సూపించు, కొంటాను" అన్నాను. సగం మెట్లకే ఆయాసపడిపోయి, "సిన్నది తీసుకో బావా, రోజూ వాడతావు" అన్నాడు.

సాయంత్రం ఆ చిన్నదాన్ని డాబా పిట్టగోడ మీద పెట్టి, చంద్రుడి వైపు తిప్పి, మా ఆవిణ్ని పిలిచాను. ఒక కన్ను పెట్టి చూసింది.

"లోపల బొమ్మ అంటించినారు కదా? మీ ఏసాలు నాకు తెల్దేటి!"

మొన్న బియ్యం డబ్బాలో రబ్బరు బల్లిని పెట్టింది నేనే మరి. ఇంతలో చంద్రుడు మెల్లగా పక్కకి జరిగిపోయాడు.

"అదిగో, దారం లాగుతున్నారు!"

ఒట్టేసినా వినలేదు. తను చెప్పిన చోట పెడితే అప్పుడు చూద్దామంది. చంకలో పెట్టుకుని వీధిలోకి తెచ్చాను. అక్కడా నమ్మకం కుదరలేదు. పక్కింటివాళ్లు జీడిపిక్కలు ఆరబోసే కళ్లంలోకి పదమంది. పెద్దది కొనుంటే డాబా మీదే ఓడిపోయేవాణ్ని.

కళ్లంలో తనే తిప్పింది, తనే వెతికింది. దొరికాక చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఇప్పుడైనా నమ్మినావా?" అన్నాను.

"సందమామని నమ్మినాను. మిమ్మల్ని కాదు."

మీ ఇళ్లల్లో మీ మాట నమ్మేవాళ్లెవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి. నేనొచ్చి చూసుకుంటే గానీ నమ్మను.